నాలుగు లైట్‌హౌస్‌లు ఒక్క రోజులోనా? వద్దు మాస్టారూ

విజయనగరంలో రిటైరైన మాస్టారొకరు అడిగిన ప్రశ్న ఇది. పొద్దున్నే కలిసి నడిచే బృందం వాళ్లది, 28 మంది. సగం మందికి అరవై దాటాయి. ఏటా కార్తీకంలో ఏదో ఒక తోటకు వనభోజనాలకు వెళ్లి, తంబోలా ఆడి వచ్చేస్తుంటారు. అమెరికాలో ఉన్న వాళ్లబ్బాయి అక్కడి మిషిగన్ సరస్సు ఒడ్డున లైట్‌హౌస్‌లన్నీ బస్సులో తిప్పి చూపించే టూర్ ఫొటోలు పంపాడట. ‘మనకు ఏకంగా సముద్రమే ఉంది కదా, భీమిలి, చింతపల్లి, కళింగపట్నం, బారువ, నాలుగూ ఒక్క రోజులో చుట్టి రాలేమా? అందరూ పైకి ఎక్కగలరా? మా మామగారికి 78 ఏళ్లు, ఆయన్ని తీసుకురావడం దండగా?’ ఇవీ మాస్టారి సందేహాలు.

మాస్టారూ, చుట్టి రాగలరు. తెల్లవారుజామున నాలుగింటికి బస్సెక్కితే రాత్రి పదకొండుకో పన్నెండుకో ఇంటికి చేరతారు. విజయనగరం నుంచి బారువ వెళ్లి రావడానికే 350 కిలోమీటర్లు. మిగతా వాటి కోసం ప్రతిసారీ హైవే దిగి సముద్రం వైపు పోవాలి, మళ్లీ వచ్చి హైవే ఎక్కాలి. ఇదంతా చేశాక గుర్తుండేది బస్సు సీటు, నడుం నొప్పి. ఒకటో రెండో ఎంచుకోండి. ఏది ఎంచుకున్నా, దీపం వెలిగే వేళకు దాని ముందు ఉండేలా చూసుకోండి. మిగతా టైమంతా దాన్నిబట్టి వెనక్కి లెక్కేసుకుంటూ రండి. నేను చెప్పదలచుకున్నది ఇంతే, కానీ ఎందుకో చెప్పకపోతే మీ బృందంలో ఎవరూ ఒప్పుకోరు.

నేను ఇరవై రెండేళ్లు లైట్‌హౌస్‌లలో కరెంటు పని చేశాను. ఇప్పుడు శ్రీకాకుళంలో ఉంటూ, తెలిసినవాళ్లు అడిగితే వాళ్ల బృందంతో కళింగపట్నం వెళ్తుంటాను. డబ్బు తీసుకోను, భోజనం మాత్రం వాళ్లదే.

మీ అబ్బాయి ఫొటోలు పంపిన టూర్ లాంటిదానికి నేనూ వెళ్లాను. మా అమ్మాయి డెట్రాయిట్ దగ్గర ఉంటుంది, ‘నాన్నా, నీకిష్టం కదా’ అని మూడు రోజుల టికెట్ కొంది. మిషిగన్‌లో ఉన్నన్ని లైట్‌హౌస్‌లు అమెరికాలో ఇంకే రాష్ట్రంలోనూ లేవు. సరస్సు అంటే మన కొల్లేరు లాంటిది అనుకోకండి. పైన ఉన్న సుపీరియర్ సరస్సు ఒక్కటే 82 వేల చదరపు కిలోమీటర్లు, అంటే మన ఆంధ్రప్రదేశ్‌లో సగం. అవతలి ఒడ్డు కనబడదు. అలలు వస్తాయి, తుపాన్లు వస్తాయి, ఓడలు మునుగుతాయి. నీళ్లు మాత్రం చప్పగా ఉంటాయి. నోట్లో పోసుకుని చూశాను కూడా, మా అమ్మాయి కసిరింది.

ఆ మూడు రోజుల్లో పదకొండు చూపించారు. బస్సు ఆగుతుంది, దిగుతాం, ఫొటో, ఎక్కుతాం. రెండో రోజు సాయంత్రానికి ఏ టవర్ ఎక్కడిదో నాకే గుర్తులేదు, అదే వృత్తిలో బతికినవాణ్ణి. ఒక్కటి మాత్రం మనసులో నిలిచిపోయింది. సుపీరియర్ ఒడ్డున వైట్‌ఫిష్ పాయింట్ అని ఉంది, అక్కడ 1849 నుంచీ దీపం ఉంది. 1975 నవంబరు 10 రాత్రి, 26 వేల టన్నుల ఇనుప ఖనిజంతో వస్తున్న ఎడ్మండ్ ఫిట్జ్‌గెరాల్డ్ అనే ఓడ ఆ దగ్గరలోనే మునిగిపోయింది. 29 మంది ఉన్నారు, ఒక్కరూ మిగల్లేదు. ఆ తుపానులో ఓడలకు దారి చెప్పే వైట్‌ఫిష్ పాయింట్ రేడియో బీకన్ కూడా పనిచెయ్యలేదు. నీటి అడుగు నుంచి 1995లో తీసిన ఆ ఓడ గంట ఇప్పుడు అక్కడి మ్యూజియంలో ఉంది. మా బస్సుకి ఏదో రిపేరొచ్చి అక్కడే సాయంత్రం దాకా ఉండిపోయాం. అందరూ విసుక్కున్నారు. చీకటి పడి పైన దీపం తిరగడం మొదలయ్యాక మాత్రం ఎవరూ మాట్లాడలేదు. బస్సు చెడకపోయి ఉంటే ఆ టూర్ నాకు ఒక ఆల్బమ్‌గానే మిగిలేది.

ఇంక మన ఒడ్డు సంగతి. శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉంది, రాష్ట్రంలో ఇంత పొడవు ఇంకే జిల్లాకూ లేదు. విజయనగరం జిల్లాకు పూసపాటిరేగ, భోగాపురం మండలాల్లో కలిపి 28 కిలోమీటర్లే. ఆ 28 కిలోమీటర్లలోనే ఒక లైట్‌హౌస్ ఉంది, అదే చింతపల్లిది. పాత ఇంగ్లీషు పుస్తకాల్లో ఈ ఊరిని శాంతపిల్లి అని రాసేవారు, అందుకే దానికి ఇప్పటికీ ఆ పేరే నడుస్తోంది. మొదట దీపం పెట్టింది 1847లో. రైళ్లు రాకముందు, మన ప్రాంతమంతా మద్రాసు ప్రెసిడెన్సీ కింద ఉన్న రోజులు. భీమిలికి వచ్చే ఓడలకు చింతపల్లి ఎదురుగా సముద్రంలో ఉన్న బండలు గండంగా ఉండేవి. భీమిలి రేవు అప్పట్లో చిన్నదేం కాదు, ఇక్కడి నుంచి వెళ్లిన గోగునారకు విదేశీ మార్కెట్లో ‘బిమ్లిపటం జ్యూట్’ అనే పేరే స్థిరపడిపోయింది. అంటే మీ జిల్లా దీపం పక్క ఊరి వ్యాపారం కోసం పుట్టింది. ఈ సంగతి బస్సులో చెప్పండి, అక్కడికి వెళ్లాక ‘ఇక్కడ రేవే లేదు కదా, లైట్‌హౌస్ ఎందుకు?’ అని అడిగేవాళ్లు తప్పకుండా ఉంటారు.

అది చిన్న గుట్ట మీద ఉంది. ఎత్తు గురించి ఒక లెక్క చెప్తాను, మీరు మాస్టారు కాబట్టి ఇష్టపడతారు. భూమి గుండ్రంగా ఉండడం వల్ల, మనం ఎంత ఎత్తున ఉంటే అంత దూరం చూడగలం. ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 3.57తో గుణిస్తే కిలోమీటర్లు వస్తాయి. ఇసుకలో నిలబడ్డ మనిషికి సముద్రం నాలుగున్నర కిలోమీటర్ల దాకానే కనబడుతుంది. 25 మీటర్ల ఎత్తు నుంచి చూస్తే 18 కిలోమీటర్లు. దీపం నుంచి 18, పడవలో ఉన్నవాడి కంటి నుంచి ఇంకో నాలుగున్నర కలిపితే, దాదాపు 22 కిలోమీటర్ల దూరంలో వల వేసుకుంటున్నవాడికి కూడా వెలుగు అందుతుంది. గుట్ట దొరికితే పొట్టి టవర్‌తోనే పని జరిగిపోతుంది. చదునుగా ఉన్నచోట ఆ ఎత్తంతా ఇటుకలతోనో కాంక్రీటుతోనో కట్టుకోవాలి.

మీ వాళ్లు పైకి ఎక్కినప్పుడు లాంతర్ గదిలోకి చూపిస్తే అద్దాల వంక బాగా చూడమనండి. ఫ్రెనెల్ అనే ఫ్రెంచి ఇంజనీరు కనిపెట్టిన కటకం అది. 1823లో మొదటిసారి ఫ్రాన్సులోని కోర్దువాన్ లైట్‌హౌస్‌లో పెట్టారు. పెద్ద కటకాన్ని ఒకే దిమ్మగా పోస్తే మోయలేని బరువు అవుతుంది కాబట్టి, ఉల్లిపాయ చక్రాల్లాగా వంపు తిరిగిన పైభాగాలు మాత్రమే ఉంచి లోపలి గాజంతా తీసేశాడు. బల్బు వెలుగు అన్ని వైపులకూ చెదిరిపోకుండా ఒక కట్టగా సముద్రం మీదికి వెళ్తుంది. చాలాచోట్ల పగటిపూట లాంతర్ గదికి తెరలు కడతారు. అలంకారానికి కాదు. వెలుగును బయటికి పంపే కటకమే ఎండను లోపలికి కూడగడుతుంది, తెర వెయ్యకపోతే బల్బో వైరో మాడుతుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ఒకరోజు తెర మరిచిపోయి చొక్కా చేతి మీద బొక్క చేసుకున్నాను.

ఇప్పుడు చాలావరకు ఎల్ఈడీలు, మోటార్లు. పూర్వం కిరోసిన్ ఆవిరితో మాంటిల్ వెలిగేది, మన పెళ్లిళ్లలో మోసుకెళ్లిన పెట్రోమాక్స్ లైటుకు పెద్దన్న అనుకోండి. అంతకుముందు నూనె దీపాలు. 1796లో మద్రాసు కోటలో పెట్టిన మొదటి లైట్‌హౌస్‌లో కాలింది కొబ్బరినూనె. టన్నుల బరువున్న కటకాన్ని తిప్పడానికి దాన్ని పాదరసం తొట్టెలో తేలేలా పెట్టేవారు, వేలితో తోసినా తిరిగేది. గోడ గడియారంలో ఉన్నట్టే ఒక బరువు కిందికి దిగుతూ దాన్ని నడిపించేది. కొన్ని గంటలకోసారి మనిషి ఎక్కి ఆ బరువును మళ్లీ పైకి చుట్టాలి, రాత్రంతా. పాత తొట్టె ఎక్కడైనా కనిపిస్తే పిల్లల్ని వేలు పెట్టనివ్వకండి. పాదరసం విషం.

అసలు సరదా వీటన్నిటికన్నా ‘క్యారెక్టర్’లో ఉంది. మేం వాడే మాట అది. ఒక్కో లైట్‌హౌస్ వెలుగుకి ఒక్కో తాళం. ఒకటి ఇన్ని సెకన్లకోసారి ఒక్క మెరుపు మెరుస్తుంది, పక్కది వెంటవెంటనే రెండు మెరిసి ఆగుతుంది. ఓడలో కెప్టెన్ మెరుపుల్ని లెక్కపెట్టి, తన దగ్గరున్న పుస్తకంలో చూసుకుని, ఎదురుగా ఉన్నది కళింగపట్నమా బారువా అని తేల్చుకుంటాడు. పగలు ఈ పని టవర్ మీది రంగుల పట్టీలు చేస్తాయి. అందుకే అవి ఒకదానికొకటి తేడాగా ఉంటాయి. జీపీఎస్ వచ్చాక ఇదంతా ఎందుకని అడిగేవాళ్లున్నారు. నేనూ కళింగపట్నంలో ఒక జాలరిని అడిగాను. ‘రాత్రి వల వేసి కునుకు తీస్తే పడవ ఎటు కొట్టుకుపోయిందో లేచాక దీపం చూస్తేనే తెలుస్తుంది. ఫోన్ తీసి, తడి చేత్తో నొక్కి, ఎప్పుడు చూసుకుంటాం?’ అన్నాడు.

ఈ తాళం పగలు కనబడదు. అందుకే దీపం వేళ అని అంత పట్టు పడుతున్నాను. ఇంకో సంగతి, సందర్శకులను పైకి పంపేది సాధారణంగా మధ్యాహ్నం నుంచి సాయంత్రం లోపు. దీపం వెలిగాక ఎవరినీ ఉండనివ్వరు. కాబట్టి ముందు ఎక్కి దిగాలి, తర్వాత ఒడ్డుకు వెళ్లి కూర్చోవాలి. కార్తీకంలో మన వైపు ఐదున్నర లోపే సూర్యుడు దిగిపోతాడు. మనకు సముద్రం తూర్పున ఉంది కదా, వెనక ఊరి మీద ఇంకా ఎర్రగా ఉండగానే ముందు నీళ్లు నల్లబడతాయి. మీ వాళ్లకు ఎక్కువసేపు ఎదురుచూసే పని ఉండదు, ఏడింటికల్లా బస్సు ఎక్కవచ్చు. ఎండాకాలంలో వెళ్తే ఇదే ఆరున్నరకు గానీ మొదలవదు, పైగా ఉక్కపోత. అక్టోబరు మాత్రం అనుమానమే. ఫైలిన్, హుద్‌హుద్, తిత్లీ తుపాన్లు మూడూ అక్టోబరు రెండో వారంలోనే వచ్చాయి. తేదీ ముందే వేసుకున్నా వాతావరణ శాఖ మాట విన్నాకే బస్సుకి అడ్వాన్సు ఇవ్వండి.

మీ బృందానికి నేనైతే కళింగపట్నం పెడతాను. పొద్దున్న ఎనిమిదింటికి బయలుదేరి శ్రీకాకుళంలో టిఫిన్ చేసి, గార మండలం మీదుగా ముందు శాలిహుండం వెళ్లండి. వంశధార ఒడ్డున కొండ మీద బౌద్ధ స్తూపాలు ఉన్నాయి, వీటిని 1919లో వెలుగులోకి తెచ్చింది మన గిడుగు రామమూర్తి గారు. వ్యావహారిక భాష కోసం పోట్లాడిన ఆయనే. కొండ ఎక్కలేనివాళ్లు కింద మ్యూజియం చూసుకోవచ్చు. పై నుంచి చూస్తే వంశధార సముద్రం వైపు పోతూ కనబడుతుంది. బౌద్ధుల కాలం నాటి రేవు దారి, తెల్లవాళ్ల కాలం నాటి రేవు దారి ఒకటే అని అప్పుడే అర్థమవుతుంది. అక్కడి నుంచి కళింగపట్నం పది కిలోమీటర్ల లోపే. భోజనాలు సరుగుడు తోటల్లో కానిచ్చి, మూడింటికి లైట్‌హౌస్ గేటు దగ్గర ఉండండి.

కళింగపట్నం రేవు 1950ల చివర్లో మూతపడింది. ఓడలు పోయాయి, దీపం ఉంది. ఊళ్లో పెద్దవాళ్లతో ఓపిగ్గా కూర్చుంటే గోదాముల కబుర్లు, తాతలు చెప్పిన స్టీమర్ కబుర్లు వస్తాయి. వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, అప్పుడైతే జాలర్లకు తీరికే తీరిక. కార్తీకంలో మాత్రం వాళ్ల పని వాళ్లది. వల లాగుతున్నవాళ్ల మధ్యకు సెల్ఫీలకు పోవద్దని మీ వాళ్లకు ముందే చెప్పండి. ఇంకొకటి, నది సముద్రంలో కలిసేచోట నీళ్లలో దిగనివ్వకండి. మోకాలి లోతే కదా అనిపిస్తుంది, కాలి కింద ఇసుక జారిపోతుంది. పిక్నిక్‌లకు వచ్చినవాళ్ల ప్రాణాలు పోయేది అలాంటిచోటే.

చింతపల్లి, భీమిలి కలిపి ఇంకో ఆదివారం పెట్టుకోండి. పొద్దున్న భీమిలిలో డచ్చివాళ్ల సమాధులు, ఒడ్డున పాత లైట్‌హౌస్, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం చింతపల్లి. మీ ఊరికి రెండూ దగ్గరే, తొమ్మిదింటికి ఇంట్లో ఉంటారు. బారువ ఒక రాత్రి బస లేకుండా వద్దు. మహేంద్రగిరి వైపు నుంచి వచ్చే మహేంద్రతనయ అక్కడ సముద్రంలో కలుస్తుంది. చుట్టూ ఉద్దానం కొబ్బరి, జీడి. తిత్లీ కూల్చిన తోటల్లో మళ్లీ నాటిన చెట్లు ఇప్పుడిప్పుడే కాపుకు వస్తున్నాయి. అంత దూరం వెళ్లి గంటలో తిరిగి రావడం ఆ ఊరికి అన్యాయం. శీతాకాలం చివర అయితే తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం కూడా కలిసొస్తుంది.

ఇప్పుడు మెట్ల సంగతి. నా మొదటి బృందంలో 40 మందిని ఒకే బస్సులో తీసుకెళ్లి బుద్ధి తెచ్చుకున్నాను. ఊరి మలుపులో బస్సు తిరగలేదు, ఏసీ పనిచెయ్యలేదు, ట్రావెల్స్ వాళ్లకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. గేటు దగ్గరికి చేరేసరికి మూసే టైమైంది. పదిహేను మందే ఎక్కగలిగారు, మిగతావాళ్లు నాతో నెల రోజులు మాట్లాడలేదు. పెద్ద బస్సు వద్దు, రెండు టెంపో ట్రావెలర్లు మాట్లాడండి. లైట్‌హౌస్ ఆఫీసుకు వారం ముందు ఫోన్ చేసి, ఎంతమంది వస్తున్నారో చెప్పి, సెలవు రోజు, టైము, టికెట్ అడిగి రాసుకోండి. ఎవరో నెట్‌లో పెట్టిన టైమును నమ్మి బయలుదేరకండి. అందరి దగ్గరా ఆధార్ ఉండాలి, డ్రోన్ మాటే ఎత్తవద్దు.

లోపల మెట్లు గుండ్రంగా తిరుగుతూ పోతాయి, చివర్లో ఇనుప నిచ్చెన లాంటిది వస్తుంది. పైన గ్యాలరీలో ఒకేసారి ఆరుగురు, ఎనిమిది మంది కన్నా పట్టరు. కాబట్టి బ్యాచ్‌లు చేసుకోండి. పెద్దవాళ్లను ముందు పంపండి, వెనక నుంచి కుర్రాళ్లు తరుముతుంటే వాళ్లు ఆయాసపడతారు. ఆడవాళ్లు చీర కొంగు నడుముకు దోపుకోవాలి, పైన గాలి మామూలుగా ఉండదు. టోపీలు, కళ్లజోళ్లు, ఫోన్లు ఎగిరిపోయిన సందర్భాలు నాకు బోలెడు తెలుసు. నిచ్చెన దిగేటప్పుడు ముఖం నిచ్చెన వైపే ఉండాలి. మెట్ల మీద దిగినట్టు ముందుకు తిరిగి దిగితే జారతారు. ఈ మధ్యే కంటి ఆపరేషన్ అయినవాళ్లు, కళ్లు తిరిగేవాళ్లు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఎక్కవద్దు, ఎవరు మొహమాటపెట్టినా సరే. భోజనం అయిన వెంటనే ఎవరూ ఎక్కవద్దు. బాత్రూముల విషయంలో దాపరికం ఎందుకు, ఒడ్డున ఏమీ ఆశించకండి, శ్రీకాకుళంలో టిఫిన్ దగ్గరే అందరినీ వెళ్లి రమ్మనండి.

చివరికి మీ మామగారు. తప్పకుండా తీసుకురండి. మడత కుర్చీ ఒకటి, శాలువా ఒకటి, ఫ్లాస్కులో టీ. అందరూ పైకి ఎక్కుతున్నప్పుడు ఆయన్ని ఒడ్డున నీడలో కూర్చోబెట్టండి, తోడుగా ఒకరుండాలి. దీపం వెలిగాక ఆయన చేతికి వాచీ ఇచ్చి ఒక పని అప్పజెప్పండి. ఒక మెరుపు దగ్గర మొదలుపెట్టి, అదే తాళం మళ్లీ మొదలయ్యేదాకా ఎన్ని సెకన్లో చూడాలి. ఒక్కసారి చూస్తే తప్పు వస్తుంది, పదిసార్లు చూసి పదితో భాగించాలి. పోయిన ఏడాది మా బృందంలో ఎనభై దాటిన తాతగారు ఇలాగే కింద కూర్చున్నారు. కుర్రాళ్లు ఫోన్లలో స్టాప్‌వాచ్ పెట్టి నలుగురూ నాలుగు జవాబులు చెప్పారు. ఆయన పాత హెచ్ఎంటీ వాచీ చూసి చెప్పిన లెక్కా, నా దగ్గరున్న లెక్కా ఒకటే. ‘మీకెలా కుదిరింది తాతగారూ?’ అంటే, ‘నేను ఫొటో తియ్యలేదు బాబూ’ అన్నారు.